కూరలో ఉప్పు తగ్గనిదే కంచంలో అన్నం తగ్గదు

గుంటూరు, విజయవాడ ఇళ్ళలో మధ్యాహ్న భోజనం వరస అందరికీ తెలిసిందే. కందిపొడో కారప్పొడో వేసుకుని నెయ్యితో మొదటి ముద్దలు. తర్వాత పప్పు. ఆ తర్వాత వేపుడు. మధ్యలో గోంగూర పచ్చడి, ఆపైన చారు. చివర పెరుగు, అందులోకి ఆవకాయ ముక్క. ప్రతి మెట్టులోనూ కొత్తగా అన్నం పెట్టుకోవాల్సిందే. ఒక్కోసారి పెట్టుకునేది నాలుగైదు ముద్దలే అయినా అది వంద గ్రాములుంటుంది. అలా అయిదు సార్లు కలుపుకున్నా అరకిలో అన్నం లోపలికి వెళ్ళినట్టే. అన్ని సార్లు తిన్న మనిషికి అంత తిన్నట్టు అనిపించదు, ఎందుకంటే ఏ ఒక్కసారీ ఎక్కువ పెట్టుకోలేదు.

రక్తపరీక్షలో షుగర్ పెరిగిందని తేలిన రోజున డాక్టరు చెప్పే మొదటి మాట, అన్నం తగ్గించమని. ఇంటికొచ్చి తగ్గిస్తారు. వారం తిరక్కుండా మళ్ళీ మామూలే. దానికి నిగ్రహం లేదని ఆ మనిషిని తప్పుపట్టడం అన్యాయం. మన కూరలు వండే పద్ధతే అన్నాన్ని కంచంలోకి లాగుతుంది. కూర బాగా కుదిరితే ఏమంటాం? ‘అన్నంలోకి భలే ఉంది’ అంటాం. చెంచాడు కూర గుప్పెడన్నానికి రుచి ఇవ్వాలన్న లెక్కతో అందులో ఉప్పూ కారం పడతాయి. అలాంటి కూరను గిన్నెడు ఉత్తగా తినమంటే ఎవరి వల్లా కాదు. అందుకే అన్నం తగ్గించిన మనిషికి కూర కూడా తగ్గిపోతుంది, కడుపు నిండదు. సాయంత్రం అయిదింటికి బండి దగ్గర ఆగి తినే పునుగులూ మిరపకాయ బజ్జీలూ ఆ వెలితిని పూడుస్తాయి. నూనెలో దేవిన శనగపిండి, మైదా తిన్నాక ‘అన్నం మానేసినా షుగర్ దిగడం లేదు’ అన్న నిరుత్సాహం మొదలవుతుంది.

కాబట్టి ముందు దిగాల్సింది ఉప్పు. ఉప్పు దిగితే కూర ఎక్కువ తినగలం, కూర ఎక్కువైతే అన్నం దానంతటదే తగ్గుతుంది. ఈ క్రమం తిరగబడితే ఫలితం ఉండదు.

మిరపకాయను ఇక్కడ దోషిగా నిలబెట్టనక్కర్లేదు. కడుపులో మంట, పుండ్లు ఉన్నవాళ్ళు తగ్గించుకోవాల్సిందే గానీ, మిగిలినవాళ్ళకు కారం ఒక్కటే చేసే చెరుపు పెద్దగా లేదు. దానితో వచ్చే జోడీలతోనే ఇబ్బంది. కారం పెరిగితే దాన్ని మోయడానికి ఉప్పు పెరగాలి, ఘాటు అణచడానికి నూనె పెరగాలి. పులుపు కూడా అంతే. గోంగూర పప్పులో ఉప్పు, కారం తోటకూర పప్పుకు వేసినంతే వేసి చూడండి, నోట పెట్టలేం. పులుపు రెండింటినీ అడుగుతుంది. చింతపండు పులుసు, గోంగూర, మామిడికాయ పప్పు వారానికి రెండు రోజులకు పరిమితమై మిగతా రోజుల్లో తోటకూర, పాలకూర, గంగపాయలకూర, మునగాకు తిరుగుతుంటే ఆ ఇంట్లో ఉప్పు వాడకం చెప్పకుండానే దిగుతుంది.

ఇక ఎంత తినాలన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు అవసరమైన మనిషికి అందులో ఇచ్చిన లెక్క ఇది: బియ్యం, గోధుమ, సిరిధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85, ఆకుకూరలూ దుంపలూ కలుపుకుని కూరగాయలు 400, పళ్ళు 100, పల్లీ నువ్వుల వంటి గింజలు 35, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ వండకముందు తూకాలు. వంద గ్రాముల బియ్యం వండితే 280 గ్రాముల దాకా అన్నం అవుతుంది. పైన చెప్పిన అరకిలో అన్నమంటే దాదాపు 180 గ్రాముల బియ్యం. రోజంతటికీ ఉన్న 250లో అంత భాగం మధ్యాహ్నమే అయిపోతే, పొద్దున ఇడ్లీకీ రాత్రి భోజనానికీ కలిపి మిగిలేది 70 గ్రాములు.

ఎవరూ కంచం పక్కన తక్కెడ పెట్టుకుని తినరు. అంతకంటే తేలికైన తూకం నెల సరుకుల చీటీ. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి లెక్క వేసి చూడండి. ధాన్యం మొత్తం నెలకు 30 కిలోలు. 26 కిలోల బియ్యం బస్తా ఒకటి దిగితే ఇక ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, గోధుమపిండి అన్నీ కలిసి నాలుగు కిలోలకు మించకూడదు. నూనె, నెయ్యి కలిపి మూడుంబావు కిలోలు, అంటే లీటరు ప్యాకెట్లు మూడున్నర. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ లెక్కన నలుగురికీ నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ నెల తిరక్కుండా ఖాళీ అవుతుంటే కంచంలో ఏం జరుగుతోందో చీటీయే చెబుతోంది. పైగా ఈ 600లో బిస్కెట్లు, మిక్చర్, హోటల్ బిర్యానీ, ఊరగాయ జాడీలో ఉప్పు కూడా కలిసే ఉన్నాయి. పప్పులన్నీ కలిపి పది కిలోలు. కంది, పెసర, మినప, శనగ అన్నీ కూడి చూస్తే చాలా ఇళ్ళ చీటీలో ఈ అంకె దరిదాపుల్లోకి కూడా రాదు. మాంసాహారం తినేవాళ్ళకు ఇందులో కొంత వంతు గుడ్లు, చేపలు తీరుస్తాయి. నిజాంపట్నం నుంచి వచ్చే మెత్తళ్ళ లాంటి చిన్న చేపలు ముల్లుతో సహా తింటాం కనుక కాల్షియం కూడా అందుతుంది. ఎండుచేపల్లో మాత్రం ఉప్పు బాగా ఎక్కువ, నానబెట్టి రెండు నీళ్ళు మార్చి కడిగితే గానీ దిగదు.

ఉప్పును ఒక్కసారి సగానికి దించితే ఇంట్లో ఎవరూ తినరు. రెండు వారాలకోసారి పావు వంతు చొప్పున దించితే నాలుక సర్దుకుంటుంది. నెలన్నర తర్వాత పాత కూరే ఉప్పగా తోస్తుంది. చేతి అందాజును పక్కనబెట్టి చెంచాతో కొలవడం మొదటి పని. ఆకుకూరల్లో జరిగే పొరపాటు ఒకటుంది. పచ్చి ఆకు బాండీ నిండా కనబడుతుంది, ఆ గుట్టను చూసి ఉప్పు వేస్తాం. పది నిమిషాల్లో ఆకు గుప్పెడుకు దిగుతుంది, ఉప్పు మాత్రం అంతే ఉండి కషాయమవుతుంది. దగ్గరపడ్డాకే వేయాలి. వేపుళ్ళలోనూ అంతే, దించే ముందు పైన చల్లిన ఉప్పు నాలుకకు సూటిగా తగులుతుంది కనుక తక్కువతో సరిపోతుంది.

దొండకాయ వేపుడునే తీసుకుందాం. అరకిలో కాయలు సన్నని చక్రాలుగా తరిగి, బాండీలో చెంచా నూనె వేసి, ఆవాలు, కరివేపాకు చిటపటలాడాక ముక్కలు వేయాలి. గుప్పెడు నీళ్ళు చిలకరించి మూత పెట్టి సన్నని సెగ మీద పది నిమిషాలు మగ్గనివ్వాలి. పచ్చిముక్కను నేరుగా నూనెలో వేయిస్తే అది మెత్తబడేలోపు నూనెంతా తాగేస్తుంది. మగ్గిన ముక్కకు ఆ దాహం ఉండదు. తేమ ఇగిరాక మూత తీసి ఇంకో రెండు చెంచాల నూనె వేసి అంచులు ఎర్రబడేదాకా కదపాలి. ఈలోపు రెండు పెద్ద చెంచాల పల్లీలు, చెంచా నువ్వులు, రెండు ఎండుమిరపకాయలు విడివిడిగా వేయించి, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో కచ్చాపచ్చాగా దంచుకోవాలి. ఆ పొడీ అరచెంచా ఉప్పూ చివర్లో చల్లి దించేయాలి. ఉప్పు తక్కువైనా చప్పగా అనిపించదు. వేగిన పల్లీ, నువ్వుల కమ్మదనం ఆ లోటు భర్తీ చేస్తుంది. ఈ కూరను కప్పు నిండా తినొచ్చు, రెండు ముద్దలు అన్నం లేకుండా కూడా దిగుతాయి. చప్పగా అనిపిస్తే ఉప్పు డబ్బా వైపు వెళ్ళేముందు అంచులు ఎర్రబడ్డాయో లేదో చూడండి. చాలాసార్లు తక్కువైంది వేపే.

పప్పు సంగతి ఇంకాస్త బాధ కలిగించేది. కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో రెండో పంటగా పండేవి మినుము, పెసర. పెసరట్టు మన పేరు మోసిన టిఫిన్. అయినా కంచంలో పప్పు పలచబడుతోంది. చాలా ఇళ్ళలో టీ గ్లాసుడు కందిపప్పుతో నలుగురికి పప్పు అవుతుంది. ఆ గ్లాసుడు పప్పు బరువు ఇంచుమించు 85 గ్రాములు, అంటే ఒక మనిషికి రోజుకు కావలసినంత. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి అయిదు గ్రాములు కూడా రాదు. అరవై కిలోల మనిషికి రోజుకు కావలసింది 50 గ్రాములు. ప్రొటీన్లు తయారయ్యే అమైనో ఆమ్లాల్లో లైసిన్ బియ్యంలో తక్కువ, మెథియోనిన్ పప్పులో తక్కువ, బియ్యం పప్పు రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. కానీ తగిన పాళ్ళలో కలవాలి. రోజు మొత్తం మీద మూడు గ్లాసుల బియ్యానికి అదే గ్లాసుతో ఒక గ్లాసు పప్పు అని గుర్తుపెట్టుకుంటే పై లెక్కలన్నీ మరిచిపోయినా పర్లేదు.

అంతా మధ్యాహ్నం పప్పులోనే సర్దాలని లేదు. పొద్దున మనిషికి 40 గ్రాముల పెసలు నానేసి రుబ్బితే రెండు పలచని పెసరట్లు వస్తాయి. లోపల ఉప్మా పెట్టకపోతే చాలు, పెడితే పప్పుతో పొందిన లాభం రవ్వకు పోతుంది. ఇడ్లీకి ఇంట్లో గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ మించనివ్వకండి, మూడూ నాలుగూ పోస్తే అది ఉడికిన బియ్యప్పిండే. సాయంత్రం బజ్జీ బండి వేళకు గుప్పెడు శనగలో అలసందలో గుగ్గిళ్ళు చేసి, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం కలిపి పెట్టుకుంటే ఆ పూట గండం గడుస్తుంది. పల్లీలు గుప్పెడు దాటకూడదు. మంచి ప్రొటీన్ ఉన్నా అందులో దాదాపు సగం నూనే.

అన్నానికి బదులు అంటూ వస్తున్న వాటి గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. వంద గ్రాముల గోధుమపిండిలో, వంద గ్రాముల కొర్రల్లో, వంద గ్రాముల బియ్యంలో కేలరీలు ఇంచుమించు ఒక్కటే. సిరిధాన్యాల్లో పీచు ఎక్కువ, అది నిజంగా మేలే. అయితే కొర్రన్నం కూడా కంచం నిండా పెట్టుకుని గోంగూర పచ్చడితో కలిపితే లెక్క మారదు. ‘రాత్రి అన్నం మానేశాం’ అనే ఇళ్ళలో ఆ చోటులోకి వచ్చింది ఉప్మా అయితే, నాలుగు చపాతీలు, బంగాళదుంప కుర్మా అయితే, మానేసింది ఏమీ లేదు. భోజనం మొదట నాలుగు ముద్దలు కూర, పప్పు ఉత్తగా తిని ఆ తర్వాత అన్నంలోకి దిగడం షుగర్ ఉన్నవాళ్ళకు చపాతీ మార్పు కన్నా ఎక్కువ పనిచేస్తుంది. తిన్న తర్వాత రక్తంలో చక్కెర ఎగబాకే వేగం తగ్గుతుంది. చారును అన్నంలో కలపకుండా గ్లాసులో పోసుకు తాగితే ఒక మెట్టు అన్నం అక్కడే మిగులుతుంది. ఇంకో జాగ్రత్త: సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా అది వాడకూడదు.

రేషన్ బియ్యంలో కొంచెం తేడాగా, పసుపు ఛాయతో కనబడే గింజల్ని ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఏరి పారేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అవి బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆసిడ్, బి12 విటమిన్ చేర్చి మళ్ళీ గింజగా వత్తినవి. వంద గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. ఏరేస్తే అవి పోతాయి. నాలుగైదుసార్లు కడిగి, గంజి వార్చినా వాటిలోని సారం కొంత నీళ్ళపాలు కావచ్చు.

ఆ ఇనుము ఎవరికి అవసరమో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. కారణాలు అనేకం, కంచం వాటిలో ఒకటి. అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చునే మనిషికి బాండీలో మిగిలేది అడుగున నూనె, రెండు ముక్కలు. ఆమె భోజనం పచ్చడి, చారు, పెరుగుతో అయిపోతుంది. అంటే ఇంటిల్లిపాదిలోకీ ఎక్కువ ఉప్పు, ఎక్కువ అన్నం, తక్కువ కూర ఆమె కంచంలోనే. తోటకూరలో ఉన్న ఇనుము ఒంటబట్టాలంటే పక్కన నిమ్మరసమో జామకాయో ఉండాలి, భోజనానికి గంట అటూ ఇటూ టీ ఉండకూడదు. కానీ ముందు ఆ తోటకూర ఆమెదాకా రావాలి కదా.

రాకపోవడానికి అసలు కారణం బజారు సంచీలోనే ఉంది. అరకిలో దొండకాయ నలుగురికి వండితే తొడిమలూ తేమా పోను ఒక్కొక్కరికి వంద గ్రాములు కూడా రాదు. ఇద్దరు మారు వడ్డించుకుంటే నాలుగో మనిషికి ఖాళీ బాండీ. నలుగురికీ రోజుకు కిలో ఆరువందల గ్రాముల కూరగాయలు కావాలి, వారానికి పదకొండు కిలోల పైమాట. కృష్ణ ఒడ్డున ఉండవల్లి, పెనుమాక తోటలు విజయవాడకు ఇంత దగ్గరలో ఉన్నాయి, పటమట రైతుబజారుకు పొద్దున్నే తాజా ఆకుకూర దిగుతుంది. వారానికి రెండుసార్లు వెళ్ళి, పాడయ్యే ఆకుకూరల్ని మొదటి రెండు రోజుల్లో, సొర, బీర, బెండ ఆ తర్వాత, గుమ్మడి, కంద, దోసకాయ చివర్లో వండుకునేలా తెచ్చుకుంటే వృథా కాదు. కూర దించగానే, ఎవరికీ వడ్డించకముందే, నాలుగు గిన్నెల్లోకి సమంగా తీసి మూతలు పెట్టేయండి. వడ్డించే మనిషి గిన్నె కూడా అందులో ఒకటి.