ఫీడ్‌బ్యాక్ ఫారం గారికి పేషెంటు తాలూకు మనిషి రాసేది

మహారాజశ్రీ ఫీడ్‌బ్యాక్ ఫారం గారికి, నెల్లూరులో ఆసుపత్రుల పేట పోగతోట నుంచి నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం పద్ధతే గానీ, క్షేమంగా ఉన్నవాళ్లకు పోగతోటలో పనేముంది సార్?

మా అత్తను గాల్ బ్లాడర్‌లో రాళ్లకి కనిగిరి నుంచి తీసుకొచ్చాం. డిశ్చార్జి రోజు బిల్లింగ్ కౌంటర్ దగ్గర మీ దర్శనమైంది. ఒక చేతికి ఫైనల్ బిల్లు, ఇంకో చేతికి మీరు. గేట్ పాస్ ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. అప్పుడు ‘మా సిబ్బంది మీతో ఆప్యాయంగా మెలిగారా?’ అని అడుగుతున్నారు. పెళ్లి భోజనాల్లో చెయ్యి కడుక్కోకముందే వియ్యపురాలు వచ్చి ‘వంటలెట్టున్నాయి వదినా’ అంటే, సాంబారులో ఉప్పెక్కువైందని చెప్పే మొనగాళ్లుంటారా?

పైగా పక్కనే సిస్టర్. “అన్నా, బాగా నవ్వే ఐదో బొమ్మకే టిక్ పెట్టన్నా. నాలుగోదానికి పెడితే మా ఇన్‌ఛార్జి మేడమ్ పిలిచి అడుగుతుంది.” పెట్టాను. పేషెంటు మనసు సంగతేమో గానీ, సిస్టర్ టెన్షన్ మాత్రం తగ్గింది. అత్త అప్పటికే వీల్‌చెయిర్లో లిఫ్టు దగ్గరుంది. కడుపు కోయించుకున్నది ఆమె, సంతకం నాది.

ఆపరేషన్ ముందురోజు రాత్రి ఆమెకు కన్ను మూతపడలేదు. మత్తిస్తే మళ్లీ లేస్తానో లేదోనని భయం. సాయంత్రం రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు ఫైలు చూశారు, స్కానింగ్ చూశారు, నన్ను చూసి ‘నో ప్రాబ్లం’ అన్నారు. ప్రాబ్లం ఉన్నది అత్తకు. అర్ధరాత్రి దాటాక నేల తుడవడానికొచ్చిన ఆయమ్మ బకెట్ పక్కన పెట్టి, “ఏందమ్మా, నిద్ర పట్టలా? నాకూ ఇదే ఆపరేషన్ చేశారు, చూడు” అని కొంగు జరిపి నాలుగు చిన్న మచ్చలు చూపించింది. అత్త లేచి కూర్చుని వాటిని వేలితో తడిమి చూసింది. “ఇంతేనా?” అంది. “ఇంతే.” తర్వాత గురక పెట్టింది.

మిమ్మల్ని ముందూ వెనకా తిప్పి వెతికాను సార్. ఆయమ్మ మీకు ‘శుభ్రత’ గడిలో దొరుకుతుంది. బాత్రూమ్ వాసనొచ్చిందా లేదా, అంతవరకే ఆమెతో మీకు పని.

అమెరికాలో మీ జ్ఞాతి ఒకాయన ఉన్నాడు, హెచ్‌క్యాప్స్ అంటారు, ఆసుపత్రి ఎలా చూసుకుందని పేషెంట్లనడిగే సర్వే. ఆయన తెచ్చిన మార్కులను 2008 నుంచి ఆసుపత్రుల వారీగా బయటపెడుతున్నారు. 2012 అక్టోబరు నుంచి మెడికేర్ అనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఆసుపత్రులకిచ్చే డబ్బులో కొంత ఆ మార్కులతో ముడిపెట్టింది. ఆయన కౌంటర్ దగ్గర కాపు కాయడు. పేషెంటు ఇంటికెళ్లి రెండు రోజులు గడిచాకే కదులుతాడు. ‘బాగుందా?’ అని ఊరుకోడు. నర్సులు మీ మాట శ్రద్ధగా ఎంత తరచుగా విన్నారు, అసలు వినలేదా, కొన్నిసార్లా, చాలాసార్లా, ప్రతిసారీనా అని గుచ్చి అడుగుతాడు. భయమేసిందా అని మాత్రం ఆయనా నేరుగా అడగడు, అది వేరే సంగతి.

స్కాట్లాండ్‌లో స్టీవర్ట్ మెర్సర్ బృందం 2004లో ‘కేర్’ అని, పేషెంటు బాధను డాక్టరు ఎంత అర్థం చేసుకున్నారో పేషెంటునే అడిగే పది ప్రశ్నల కొలత తెచ్చింది. డాక్టరు మీ కథ మిమ్మల్ని చెప్పుకోనిచ్చారా అన్నది అందులో ఒకటి. మా అత్త కథ కనిగిరి నీళ్ల దగ్గర మొదలై, ఇద్దరు కోడళ్ల మీదుగా కడుపునొప్పికి చేరుతుంది. ఓపీలో తర్వాతి టోకెన్ తలుపు తోస్తుండగా ఆ ప్రశ్న అడగాలంటే గుండెధైర్యం కావాలి.

కాబట్టి నా మనవి. ముందు ఆ కౌంటర్ దగ్గర్నుంచి తప్పుకోండి. ఓ వారం ఆగి, సీరియల్ లేని టైమ్ చూసి అత్తకే ఫోన్ చేయించండి. ఏ సిస్టర్ బాగా చూసుకుందని పేరు అడక్కండి, భయమేసినప్పుడు ఎవరితో చెప్పుకున్నారని అడగండి. ఆయమ్మతో అంటే ఏ గడిలో రాసుకోవాలో ముందే అనుకుని ఉంచండి.

ఇట్లు,
పేషెంటు అటెండెంట్

(మీలో ‘ఇతర సూచనలు’ అని ఒక్క గీతే వదిలారు. ఇదంతా అందులో పట్టక విడిగా రాశాను.)