బెంచీ మీద జడ్జీల పేర్లే చాలవు
కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు ఆవరణలో స్థానిక జడ్జీల స్మారకంగా రాతి బెంచీ పెట్టడం మంచి పనే, కానీ ఆ గౌరవం జడ్జీలకు మాత్రమే దక్కాలని మీరు ప్రచురించిన వ్యాసంలో రాసిన మాటతో నేను ఏకీభవించను. మేముండేది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా దగ్గర. 2005 మార్చి 11న ఇక్కడి ఫుల్టన్ కౌంటీ కోర్టులో ఒక నిందితుడు జరిపిన కాల్పుల్లో జడ్జి రోలండ్ బార్న్స్ చనిపోయారు. అదే కోర్టు హాల్లో విచారణను రికార్డు చేసే జూలీ బ్రాండౌ, బయట, కోర్టు భద్రత చూసే షెరీఫ్ ఆఫీసు సార్జెంట్ హోయ్ట్ టీస్లీ కూడా ప్రాణాలు కోల్పోయారు. ముగ్గురూ డ్యూటీలోనే పోయారు. అలాంటప్పుడు ఒక్క జడ్జి పేరే చెక్కి మిగతా ఇద్దరిని వదిలేయడం ఎలా న్యాయం అవుతుంది? నేను జ్యూరీ డ్యూటీకి (కేసు విని నిర్ణయం చెప్పే మామూలు పౌరుల బృందంలో కూర్చోవడానికి) వెళ్లినప్పుడు ఎంత టెన్షన్ పడ్డానో! ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో ఓపిగ్గా చెప్పింది క్లర్కులు, కోర్టు హాల్లో క్రమం చూసే ఉద్యోగి బెయిలిఫే. జడ్జిగారిని చూసింది కాసేపే. ఇంకో విషయం, జార్జియాలో పెద్ద కేసులు విచారించే సుపీరియర్ కోర్టు జడ్జీలను నాలుగేళ్లకోసారి జనమే ఓటేసి ఎన్నుకుంటారు. అందుకే పదవిలో ఉన్నవాళ్ల పేర్లు మాత్రం అస్సలు చెక్కకూడదు, రేపు ఎన్నికల్లో అదే ప్రచారం అయిపోతుంది. ఇక ఆ బెంచీని ఫొటోల కోసం ఎండలో కాకుండా చెట్టు నీడన వేయండి. కేసు పిలిచేదాకా బయట నిలబడే పెద్దవాళ్లు నిజంగా కూర్చోగలగాలి.