వెయ్యి దాటితే వెలి

పెద్ద కంపెనీల అండ లేని కొత్త ఇండీ సంగీతాన్ని, అందులోనూ మత్తులో తేలుతున్నట్టు వినిపించే సైకెడెలిక్ సరుకును వెతికి పట్టుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు. పాట బాగుందా లేదా అని అడిగేవాళ్లు ఈ దరిదాపులకే రాకూడదు. రసజ్ఞుడు మొదట చూసేది ఇప్పటిదాకా ఎంతమంది విన్నారన్నది. వంద లోపైతే మహత్తరం. ఐదొందలంటే సర్దుకుపోవచ్చు. లక్ష దాటిందా, ఇక దాన్ని పెళ్లిళ్ల బ్యాండు మేళానికి ఇచ్చేయడమే.

2015 జులై నుంచి ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లను శుక్రవారం విడుదల చేయడం ఆనవాయితీ అయింది. అంటే సంగీత ప్రపంచం ఆలస్యంగానైనా మన సినిమావాళ్ల దారికి వచ్చిందన్నమాట. తేడా ఒక్కటే. మన సినిమాకు మధ్యాహ్నానికల్లా టాక్ రావాలి. ఇక్కడ టాక్ రాకపోతేనే హిట్.

ఈ రంగంలో క్రమశిక్షణ లేనివాళ్లూ ఉన్నారు. మెల్‌బోర్న్ బ్యాండ్ కింగ్ గిజర్డ్ అండ్ ద లిజర్డ్ విజర్డ్‌నే తీసుకోండి. 2017లో ఒక్క ఏడాదిలోనే ఐదు ఆల్బమ్‌లు వదిలింది. మొదటిదాని గురించి అభిప్రాయం ఏర్పరచుకునేలోపు రెండోది వచ్చి పడితే మేధావి అన్నవాడు ఏమైపోవాలి? పైగా నాలుగోదైన పాలీగాండ్వానాలాండ్‌ను ఉచితంగా ఇచ్చేసి, కావలసినవాళ్లు రికార్డులు అచ్చేసుకోండి అన్నారు. దొరకని సరుకు మీదే పరువు నిలబెట్టుకున్నవాళ్లకు ఇంతకన్నా అవమానం ఉంటుందా? మళ్లీ 2025 జులైలో, స్పాటిఫై అప్పటి అధినేత డేనియల్ ఏక్ సైనిక సాంకేతిక కంపెనీలో పెట్టుబడి పెట్టారని నిరసన తెలుపుతూ అక్కడి నుంచి తమ పాటలు తీసేశారు. అప్పుడు కాస్త మర్యాద దక్కింది. నిరసన సంగతి అటుంచండి, పాటలు దొరకడం కష్టమైంది కదా.

ఆ స్పాటిఫైని అందరూ తిడతారు గానీ, రసజ్ఞుల మనసు దానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గత 12 నెలల్లో కనీసం వెయ్యిసార్లు వినబడని పాటకు రాయల్టీ ఇవ్వబోమని 2024లో నిబంధన పెట్టింది. చిన్న కళాకారులు లబోదిబోమన్నారు. నిజానికి మనం ఎప్పటినుంచో చెబుతున్నదే కదా ఇది! వెయ్యి లోపు విన్న పాటే స్వచ్ఛమైనదని మనం అంటాం, దానికి పైసా ఇవ్వమని వాళ్లంటారు. ఇద్దరం ఒకేచోట గీత గీశాం. అందుకే తొమ్మిది వందల తొంభై చిల్లర దగ్గర ఉన్న పాట కనిపిస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. నేను ఇంకోసారి వింటే ఆ కుర్రాడు వెయ్యి దాటేస్తాడేమో. చేతిలో నాలుగు డబ్బులు పడితే కొత్త యాంప్లిఫయర్ కొంటాడు. దాంతో పాటలోని ఆ గుయ్ మనే రొద, అంటే ఆత్మ, కాస్తా పోతుంది. కాబట్టి కళ మీద గౌరవంతో వినడం మానేస్తాను.

పాండిత్య ప్రదర్శనకు కొన్ని పేర్లు దగ్గర పెట్టుకోవాలి. ఏ కొత్త ఆల్బమ్ వచ్చినా, "ఇది 1966లోనే టెక్సస్‌లో థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ చేసేశారండీ" అంటే చాలు. ఆ బ్యాండులో టామీ హాల్ అనే ఆయన కూజా మూతి దగ్గర మైకు పెట్టుకుని అందులోకి వింత శబ్దాలు చేసేవాడు. ఘటం కచేరీలు విని పెరిగిన మనకు ఇది వింతేమీ కాదు, అయినా ఆశ్చర్యపోవాలి. తంబూరా సంగతీ అంతే. అదే శ్రుతిని సింథసైజర్ మీద పావుగంట సాగదీస్తే డ్రోన్ సంగీతం అవుతుంది, క్యాసెట్టు కూడా వస్తుంది. త్యాగరాజ ఆరాధనలో వెనక కూర్చుని తంబూరా మీటే ఆవిడ పేరు మాత్రం ఎవరూ అడగరు.

ఈ అన్వేషణకు పరాకాష్ఠ 2025 వేసవిలో వచ్చింది. వెల్వెట్ సన్‌డౌన్ అనే బ్యాండ్ స్పాటిఫైలో ఉన్నట్టుండి ప్రత్యక్షమైంది. డెబ్బైల నాటి రాక్ వాసన. కచేరీల జాడ లేదు, సభ్యులను చూసినవాళ్లూ లేరు. నెలవారీ శ్రోతలు పది లక్షలు దాటారు. ఆ తర్వాత తీరిగ్గా ఇది కృత్రిమ మేధ సాయంతో చేసిన సంగీతమని వాళ్ల పేజీలోనే రాసుకున్నారు. జనం మోసం అని గగ్గోలు పెట్టారు గానీ నాకు అన్యాయమేమీ కనిపించలేదు. ఎవరికీ తెలియని బ్యాండ్ కావాలని ఇన్నేళ్లూ కోరుకున్నాం. సొంత అమ్మానాన్నలకు కూడా తెలియని బ్యాండ్ దొరికింది. ఆ పది లక్షల మందే దాన్ని చెడగొట్టారు.

కళాకారులకు డబ్బు అందాలంటే, వాళ్లు నేరుగా పాటలు అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్ ఉందిగా అంటారు కొందరు. ఉంది. డిజిటల్ అమ్మకాల్లో సాధారణంగా 15 శాతం తీసుకుంటుంది. 2020 మార్చి నుంచి కొన్ని ప్రత్యేక శుక్రవారాల్లో ఆ వాటా కూడా వదులుకుంటోంది. అక్కడ కొందరు కళాకారులు ధరను కొనేవాళ్ల ఇష్టానికే వదిలేస్తారు, సున్నా కొట్టినా ఆల్బమ్ దిగుతుంది. రసజ్ఞుడు సున్నాయే కొడతాడు. పిసినారితనం అనుకునేరు, కళకు వెల కట్టడం ఆయనకు గిట్టదు. టీషర్టు మాత్రం షిప్పింగూ కస్టమ్స్ సుంకమూ కట్టి మరీ తెప్పించుకుంటాడు. దాని మీద బ్యాండ్ పేరు ఎవరూ చదవలేనన్ని వంకర్లు తిరిగి ఉంటే, రెండు కొంటాడు.