పిడికెడు గింజలే కదా అనుకున్నాను

విదేశీ విత్తనాలు ఆన్‌లైన్‌లో కొనడానికి ఇన్ని ఆంక్షలెందుకు, పిడికెడు గింజలతో ఏమైపోతుందని ఒక వ్యాసంలో అడిగారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఫొటో చూసి మురిసిపోయి నీలి రంగు స్ట్రాబెర్రీ విత్తనాలు తెప్పించాను. కవరు మీద ‘ఆట బొమ్మలు’ అని ఉంది! లోపల చిన్న జిప్ సంచీలో నల్లటి గింజలు, మొక్క పేరు కూడా లేదు. మొలిచింది ఏదో గడ్డి. అసలు నీలి స్ట్రాబెర్రీ అనేదే లేదట.

గడ్డితో పోయింది కాబట్టి సరిపోయింది. టమాటాకు వచ్చే రుగోస్ వైరస్‌ను 2015లో జోర్డాన్‌లో గుర్తించారు. ఇప్పుడది ఎన్నో దేశాల్లో ఉంది. విత్తనం పైపొరను అంటిపెట్టుకుని వస్తుంది, కంటికి కనిపించదు. 2020లో అమెరికాలో చాలామందికి అడగని విత్తనాలు పోస్టులో వచ్చినప్పుడు, నాటొద్దు, చెత్తబుట్టలోనూ వేయొద్దని అధికారులు చెప్పింది ఇలాంటి భయంతోనే.

కాకపోతే పది గింజలు కొనేవాడినీ, టన్నులు దించే కంపెనీనీ ఒకే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (చీడపీడలు లేవని పంపే దేశపు అధికారులు ఇచ్చే ధ్రువపత్రం) అడిగితే ఎలా? గింజల ధర కన్నా దాని ఖర్చే ఎక్కువవుతుంది. ప్యాకెట్‌కు 50 గింజలు మించకపోతే చాలా రకాలకు ఆ సర్టిఫికెట్ లేకుండా అమెరికా విడిగా పర్మిట్ ఇస్తోంది. అది నాకు నచ్చింది.