గిడ్డంగిలో పండగ బాతు

క్రిస్మస్ ముందు జర్మనీలో ఏ సూపర్ మార్కెట్‌లోకి వెళ్లినా ఫ్రీజరు అడుగున పెద్దబాతులు (గూస్) బండరాళ్లలా బిగుసుకుపోయి కనిపిస్తాయి. పైన మందపాటి ప్లాస్టిక్ తొడుగు, పొట్టలో చిన్న సంచిలో కట్టిన మెడ, గుండె, కందనకాయ. ఇంటికి తెచ్చాక అది కరగడానికే ఒకటిన్నర రోజు పడుతుంది. తొడుగు మీది చీటీలో మూడు వివరాలు ఉంటాయి: ఎక్కడ పెంచారు, ఎక్కడ కోశారు, ఏ రోజున గడ్డకట్టించారు. పెంచిన దేశం, కోసిన దేశం పేర్లు వేయడం యూరోపియన్ యూనియన్‌లో 2015 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. గడ్డకట్టించిన తేదీ కూడా ముద్రించాల్సిందే. దేశం చాలామటుకు పోలాండ్, లేదంటే హంగరీ. తేదీ పండగకు వారాలో నెలలో ముందుది. బాతు ధర ఎందుకు పెరిగిందని ప్రతి శీతాకాలమూ జరిగే చర్చకు సగం జవాబు ఆ చీటీ మీదే ఉంది.

మనకు ఈ పక్షితో పరిచయం తక్కువ. బంగారు గుడ్డు పెట్టింది నిజానికి ఇదే అయినా తెలుగు కథలోకి వచ్చేసరికి ఉత్త బాతుగా మిగిలింది. జర్మన్లకు మాత్రం నవంబరు 11, సెయింట్ మార్టిన్ దినం నుంచి క్రిస్మస్ దాకా దీనిదే రాజ్యం. తనను బిషప్‌ను చేస్తారని భయపడిన మార్టిన్ బాతుల దొడ్డిలో దాక్కుంటే అవి అరిచి పట్టించాయని ఐతిహ్యం. అసలు కారణం లౌకికమైనదే. ఆ రోజుతో వ్యవసాయ సంవత్సరం ముగిసేది, కౌలు బకాయిలు తీర్చేవారు, డబ్బుకు బదులు బలిసిన బాతును ఇచ్చిన రైతులూ ఉండేవారు. క్రిస్మస్ ముందు పాటించే ఉపవాస దినాలకు ముందు కడుపారా తినే చివరి విందు కూడా అదే.

తినేది జర్మన్లే కానీ పెంచేది వాళ్లు కాదు. ఆ దేశంలో అమ్ముడయ్యే పెద్దబాతు మాంసంలో ఐదింట నాలుగు వంతులు బయటి నుంచి రావలసిందే. స్థానిక రైతులు పచ్చికలో తిప్పి పెంచిన తాజా బాతును ఊరి దగ్గరే అమ్ముతారు. దాని ధర గడ్డకట్టించిన దిగుమతి సరుకుకు రెట్టింపు పైనే ఉంటుంది. పోలాండ్‌లో తెల్లని కొలూడా జాతి బాతులను చివరి మూడు వారాలు ఓట్స్ గింజలు పెట్టి మేపుతారు. రోజుకు కనీసం అరకిలో ఓట్స్ తినిపిస్తేనే చీటీ మీద ‘ఓట్స్‌తో పెంచిన బాతు’ అని రాసుకోవచ్చని యూరోపియన్ నిబంధన ఉంది. ఇంత శ్రద్ధగా పెంచే పోలాండ్ వాసులు తాము మాత్రం దాన్ని బహు తక్కువగా తింటారు. పండించిన ఊరికి దక్కని రుచులు మనకూ తెలిసినవే.

హంగరీ సంగతి వేరు. అక్కడ కొన్ని బాతులను కొవ్వెక్కిన కాలేయం కోసం బలవంతంగా మేపుతారు, మాంసం దాని వెంట వచ్చే సరుకు. జర్మనీలో అలా మేపడం నిషిద్ధం. భారత్ 2014లో ఆ కాలేయం దిగుమతినే నిషేధించింది. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ మా అభిప్రాయం.

ఇక ధర. కోడి ఏడాది పొడవునా గుడ్లు పెడుతుంది. గిరాకీ పెరిగితే ఆరేడు వారాల్లో మరో విడత కోళ్లు బరువుకొస్తాయి. పెద్దబాతు అలా కాదు. శీతాకాలం చివర మొదలుపెట్టి వేసవి ఆరంభం దాకానే గుడ్లు పెడుతుంది. పొదగడానికి నెల, పెంచడానికి నాలుగు నెలలు. నవంబరులో ధర ఎంత ఎగబాకినా అప్పటికప్పుడు ఒక్క బాతు కూడా అదనంగా పుట్టదు. అందుకే ఈ వ్యాపారం మొత్తం శీతల గిడ్డంగి మీద నిలబడి ఉంది. వేసవిలో, శరత్కాలంలో కోసినది మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలవ ఉంటుంది. పండగకు ఎంత సరుకు, ఏ ధరకు బయటికి రావాలో అక్కడ తేలుతుంది.

2022లో ఈ సంగతి బాగా బయటపడింది. ఉక్రెయిన్ యుద్ధంతో దాణా గింజల ధర, కరెంటు ధర కలిసి పెరిగాయి. బాతును మేపడానికి మొదటిది కావాలి, గడ్డకట్టించి నిలవ ఉంచడానికి రెండోది కావాలి. ఆపైన బర్డ్ ఫ్లూ హంగరీ బాతుల మందలను దెబ్బతీసింది. 2025 అక్టోబరులో అదే రోగం జర్మనీలో విజృంభించింది. బెర్లిన్‌కు వాయవ్యాన వలస కొంగలు గుట్టలుగా చచ్చిపడ్డాయి, దేశమంతటా లక్షల సంఖ్యలో పెంపుడు పక్షులను చంపేశారు. తాజా బాతు దొరకదేమోనన్న బెంగ మొదలైంది. అప్పటికే గిడ్డంగిలో ఉన్న బాతుకు ఆ వార్త ఏ హానీ చేయలేదు. దాన్ని దాచుకున్నవాడికి మాత్రం మేలే చేసింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో తణుకు పరిసరాల కోళ్ల ఫారాల్లో ఇదే రోగం బయటపడినప్పుడు మన దగ్గర ఏం జరిగింది? జనం చికెన్ మానేశారు, ధర కూలింది, భయం పోగొట్టడానికి ఊరికే వండి పెట్టిన మేళాలూ చూశాం. ఒకే రోగం అక్కడ ధరను పైకి తోస్తే ఇక్కడ కిందికి లాగింది. అక్కడి వినియోగదారుడి ధైర్యం ఒక కారణమైతే, మన కోడి ప్రాణంతోనే అమ్ముడుపోవడం రెండోది. బరువుకొచ్చిన కోడిని ఫారంలో ఉంచితే దాణా ఖర్చు, అమ్మితే నష్టం. దాచుకునే చోటు లేని సరుకుకు బేరమాడే బలం ఉండదు.

అలాగని గిడ్డంగులు కట్టేస్తే రైతు గట్టెక్కుతాడని చెప్పలేం. గుంటూరులో గిడ్డంగులకు లోటు లేదు. అయినా 2025లో మిరప ధర పడిపోతే, క్వింటాలుకు 11,781 రూపాయల ధరతో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. నిరుటి పాత సరుకు గిడ్డంగుల్లో పేరుకుపోవడం అప్పటి పతనానికి ఒక కారణం. ఎన్ని టిక్కీలు (మిరప బస్తాలు) లోపల ఉన్నాయో యార్డుకొచ్చిన రైతు చెవిన పడేది దళారి చెప్పిన లెక్కే. అమెరికా వ్యవసాయ శాఖ శీతల గిడ్డంగుల్లో ఎంత మాంసం, ఎంత వెన్న ఉన్నదీ నెలనెలా ప్రకటిస్తుంది. కొనేవాడు, అమ్మేవాడు ఒకే అంకె చూసి బేరమాడతారు. పెద్దబాతు విషయంలో యూరప్ అధికారులు, మిరప విషయంలో మన మార్కెటింగ్ శాఖ ఆ పద్ధతిని పట్టుకోవాలి. పెద్ద ఖర్చు కూడా లేని పని.

జర్మన్ కుటుంబాలు చిన్నవైపోతున్నాయి, నూటికి నలభై ఇళ్లలో ఒక్కరే ఉంటున్నారు. నాలుగైదు కిలోల నిండు బాతును ఒక్కరు ఏం చేసుకుంటారు? రొమ్ము, కాలు విడిగా కొనేవారు ఉన్నప్పుడు నిండు బాతు మిగిలిపోయే ప్రమాదం ఉంది. పండగ దాటగానే మిగిలిన వాటి మీద తగ్గింపు చీటీలు పడతాయి. పోలాండ్ రైతు ఈసారి ఎన్ని పిల్లలను దించాలో తేల్చుకునేది ఆ రోజుల్లోనే. ఫిబ్రవరిలో బాతులు గుడ్లకు రాకముందే, గిడ్డంగిలో ఎన్ని మిగిలాయన్న లెక్క అతని చేతికి అందాలి.