మూత ఎవరు పెట్టినారు?

మొక్కు ఎవరు మొక్కినా లెక్క మాత్రం అమ్మ దగ్గరే ఉంటుంది. కొడుక్కి ఉద్యోగం వస్తే అహోబిలం, కూతురి కాన్పు సుఖంగా అయితే మహానంది, తన మోకాళ్ల నొప్పి తగ్గితే యాగంటి. మనవడికి జ్వరం దిగనప్పుడు పెద్ద దర్గాలో చాదర్ కప్పిస్తానన్నది వేరే పద్దు. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు కూడా కొబ్బరికాయలు తెచ్చే ఊరు ఇది. ఇలాంటి పద్దులు లేని ఇల్లు కడపలో అరుదు.

బాకీలన్నీ కార్తీకంలో ఒకేసారి తీర్చేద్దామని పన్నెండు సీట్ల టెంపో మాట్లాడతారు. ఎక్కేది మాత్రం పదమూడు మంది. "పిల్లోడు ఒళ్లో కూర్చుంటాడులే" అంటారు. ఆ పిల్లోడు ఏడో తరగతి.

ఇక దారి భోజనం, అంటే పులిహోర. తలకు 150 గ్రాముల లెక్కన పదమూడు మందికి 2 కిలోల బియ్యం. పాత బియ్యమే ఉండాలి, కొత్తవి ముద్దవుతాయి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల కంటే పావు తక్కువే నీళ్లు. చింతపండు 300 గ్రాములు వేడినీళ్లలో నానబెట్టి, చిక్కగా పిండి, చెనిక్కాయ నూనెలో మిరపకాయలు, ఇంగువ, మెంతిపిండి వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. నూనె 300 మిల్లీలీటర్లు. ఇక్కడ పొదుపు చేసినవాళ్లు మధ్యాహ్నం ఏడుస్తారు. ఉప్పు 75 గ్రాముల దాకా పడుతుంది. పులుపూ ఉప్పూ తగినంత ఉంటే అన్నం తొందరగా చెడదు.

అయితే అసలు పని ఆ తర్వాతే. అన్నాన్ని వెడల్పాటి బేసిన్‌లో రెండంగుళాల మందానికి మించకుండా పరవాలి. పసుపు, కాస్త నూనె కలిపి ఫ్యాను కింద ముప్పావుగంట వదిలేయాలి. అరచెయ్యి ఆనిస్తే వెచ్చదనం తెలియనప్పుడు పులుసు కలపాలి. డబ్బాకెత్తి, పైన పొడి నూలుగుడ్డ పరిచి, అప్పుడు మూత.

కుక్కర్‌లో ఒక విడతకు కిలోకి మించి పట్టదు. అమ్మ రెండింటికి లేచి మొదటి కిలో వండి, ఆరబెట్టి, కలిపింది. డ్రైవర్ పొట్లం ముందుగా అరిటాకులో కట్టి పక్కన పెట్టింది. బండి నడిపేవాడి కడుపు చూసుకుంటే సగం ప్రయాణం క్షేమమని ఆమె సిద్ధాంతం. రెండో కిలో అప్పుడే దించి, పొగలు కక్కుతుండగా బేసిన్‌లో పోసి స్నానానికి వెళ్లింది.

సరిగ్గా అప్పుడు ఇంటాయన వంటింట్లోకి వచ్చాడు. గడియారం చూశాడు, బేసిన్ చూశాడు, పులుసు చూశాడు. "యాలైతాంది" అనుకుంటూ పొగలన్నం మీద పులుసు కుమ్మరించి గరిటెతో గబగబా కలిపాడు. ఆరిన కిలో, ఆరని కిలో ఒకే స్టీలు డబ్బాలో అదిమి, క్లిప్పులు టకటకా బిగించాడు. అమ్మ తల తుడుచుకుంటూ వచ్చేసరికి డబ్బా బండెక్కేసింది.

"అంతా నేనే సర్దేసినా. నువ్వు చీర కట్టుకో పో" అన్నాడు గొప్పగా.

ముప్పయ్యేళ్ల కాపురంలో ఆయన వంటింట్లో చేసిన సాయం ఇదొక్కటే. దానికి ఎంచుకున్న ముహూర్తం ఇది.

నాలుగింటి బండి ఐదున్నరకు కదిలింది. మైదుకూరు దాటాక అందరికీ తెలివొచ్చింది, ఆళ్లగడ్డలో ఉగ్గాణి, బజ్జీలు అయ్యాయి. దిగువ అహోబిలం నుంచి ఎగువకు 8 కిలోమీటర్లు బండి పోతుంది. జ్వాలా నరసింహస్వామి దగ్గరికి మాత్రం భవనాశిని వాగు వెంబడి రాళ్ల మీద నడకే. తొమ్మిదిమంది నరసింహులనూ ఒక్కపూటలో చూసేస్తామని బయల్దేరే కుర్రాళ్లను ఆపనక్కర్లేదు, మోకాళ్లే ఆపుతాయి. ఇక్కడి స్వామి చెంచులక్ష్మిని కట్టుకున్నాడు గనక చెంచులకు అల్లుడు. సంక్రాంతి పండగ తర్వాత పారువేటకని బయల్దేరి నలభై రోజుల దాకా ఊరూరూ తిరుగుతూ మర్యాదలు అందుకుంటాడు. అంతటి స్వామే అల్లుడి హోదా వదులుకోలేదు. టెంపోలో ముందు సీటు కోసం అలిగిన మన అల్లుడిని ఏమనగలం?

పన్నెండున్నరకు చెట్టుకింద డబ్బా తెరిచారు. మూత లోపలివైపు చెమట పట్టినట్టు నీటి చుక్కలు. పైపొర తడితడిగా ఉంది. అమ్మ వేళ్లతో తీస్తే మెతుకుకూ మెతుకుకూ మధ్య సన్నటి తీగ సాగింది. వాసన చూసింది. ఆ తర్వాత భర్త వైపు చూసింది.

"మూత ఎవరు పెట్టినారు?"

"మూత పెట్టకపోతే ఈగలు రావా?"

ఈగలు వచ్చినా ఇంత నష్టం చేసేవి కావు. వేడన్నం ఆవిరి మూతకు తగిలి నీరై, చుక్కలుగా మళ్లీ అన్నం మీదే పడుతుంది. ఆ నీళ్లకు పైపొరలో పులుపూ ఉప్పూ పలచబడతాయి. అదిమి పెట్టిన అన్నం నడిమధ్యలో గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది. బియ్యంతో వచ్చే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. 60 డిగ్రీల లోపుకు దిగి, చల్లబడకుండా ఆగిన అన్నంలో అవి లేచి కూర్చుంటాయి. బాగా ఆరిన మొదటి కిలో కూడా పక్కవాటి పుణ్యాన పాడైంది.

"ఆ హోటల్లో ఇంకోసారి వేడి చేయిస్తే సరిపోతుంది కదక్కా" అన్నాడు తమ్ముడు.

"సరిపోదు నాయినా. వేడికి పురుగు చస్తుందేమో గానీ అది అప్పటికే కక్కిన విషం పోదు. తింటే రాత్రంతా వాంతులే. ఈ బండిలో కిటికీలు నాలుగే."

ఇంతలో చెట్టుకు అవతల డ్రైవర్ అరిటాకు పొట్లం విప్పాడు. పొడిపొడిగా, పసుపుపచ్చగా, నూనె మెరుస్తూ, మధ్యలో వేయించిన చెనిగ్గింజలు. పదమూడు మంది నోరు మెదపకుండా అతని చెయ్యి పైకీ కిందికీ పోతుంటే చూశారు.

"శానా బాగుందమ్మా" అన్నాడతను. "ఇంకొంచెం ఉందా?"

ఆ పూట అందరినీ గట్టెక్కించింది ముసలత్త గుడ్డసంచి. బయల్దేరేటప్పుడు "ఈ కాలంలో ఎవరు తింటారత్తా" అని అందరూ నవ్విన సంచే అది. అందులో గట్టిగా కాల్చిన జొన్నరొట్టెలు, వెల్లుల్లి వేసిన చెనిగ్గింజల పొడి, ఒక సీసా నిండా నిమ్మకాయ ఊరగాయ. తడి అంతా ఆరిపోయేదాకా కాల్చిన రొట్టెకు రెండుమూడు రోజులు ఏ భయమూ లేదు. పళ్లుంటే చాలు. అల్లుడు నాలుగు తిన్నాడు, ముందు సీటు ఊసెత్తలేదు.

మిగిలింది డబ్బా. అన్నం పారేస్తే పాపమని, కాకులకైనా వేద్దామని ఇంటాయన మళ్లీ క్లిప్పులు బిగించాడు. కోయిలకుంట్ల మీదుగా బనగానపల్లె దాకా కిటికీలు తెరిచే ఉన్నాయి. యాగంటిలో బసవన్నను దర్శించుకోవడానికంటే ముందు ఆయన డబ్బా పట్టుకుని మెట్ల పక్కన నిలబడి "కావ్ కావ్" మని పిలిచాడు. ఒక్కటీ రాలేదు. అగస్త్యుడి శాపం వల్ల ఆ క్షేత్రంలో కాకి వాలదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాకినెక్కి తిరిగే శని కూడా అందుకే అక్కడికి రాడంటారు.

"శని రాకుంటేనేం, డబ్బా వచ్చింది కదా" అన్నది అమ్మ.

దారిలో ఎవరి బర్రెలకో వేద్దామన్నాడు తమ్ముడు. అన్ని కిలోల అన్నం ఒక్కసారి తింటే బర్రెకు కడుపుబ్బరం వస్తుందని, ఆ పాపం ఇంకా పెద్దదని అమ్మ అడ్డుకున్నది. చివరికి రోడ్డు పక్కన గుంత తీసి పూడ్చారు. తవ్వింది ఎవరో చెప్పనక్కర్లేదు.

మర్నాడు మహానంది. అక్కడి కోనేట్లో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడిన రూపాయి బిళ్ల కూడా కనపడుతుంది. ఇంటాయన గట్టున నిలబడి ఆ నీళ్లను మెచ్చుకుంటూ, డబ్బా కడగడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదని అనబోతున్నాడు. మాట పూర్తికాకముందే అమ్మ ఆయన చేతిలోంచి డబ్బా లాగేసుకున్నది.