ఎదిగినందుకు సంజాయిషీ

బాలనటుడు పెద్దయ్యాక దర్శకుడు కావడం ప్రేక్షకులకు చేసిన నమ్మకద్రోహమని విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర టీ తాగే పెద్దలు ఏకగ్రీవంగా తేల్చారు. నాకూ భిన్నాభిప్రాయం లేదు.

అనర్థమంతా 1960లో మొదలైంది. ఆ ఆగస్టులో మద్రాసులో కమల్ హాసన్ అనే పసివాడు తెరకెక్కి రాష్ట్రపతి బంగారు పతకం కొట్టేశాడు. అక్టోబరులో అమెరికా టీవీలో రాన్ హోవార్డ్ అనే ఆరేళ్ల పిల్లవాడు కనిపించాడు. ఇద్దరూ ముద్దుగా ఉన్నారు. అలాగే ఉండిపోతే ఎవరికి నష్టం? అమెరికా వాడు 23 ఏళ్లకే మెగాఫోను పట్టి, 2002లో ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ ఎత్తుకెళ్లాడు. మనవాడు 2000లో 'హే రామ్' తీశాడు. ఆస్కార్ సరే, ఆ బుగ్గలేవి?

చట్టం కూడా మన పక్షాన లేదు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, మరుసటి ఏడాది నిబంధనలు రాశారు. బాలనటుడితో రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం ఇవ్వకుండా 3 గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం వాడి పేర బ్యాంకులో డిపాజిట్ చేసి, మేజరయ్యాక ఇవ్వాలి. అంటే వాడు మేజరవుతాడని సర్కారుకు ముందే తెలుసన్నమాట! టికెట్ కొన్న మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

రేపు అలాంటి దర్శకుడెవరైనా, పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చిత్రీకరించడానికి మా ఊరు వచ్చాడనుకోండి. సిరిమాను గుడికీ కోటకీ మధ్య తిరిగేది మూడుసార్లే, రీటేకులు ఉండవు. ఆయన 'యాక్షన్' అనబోయే సరికి ఓ మామ్మ నెరిసిన గడ్డం పట్టుకుని, "బాబూ, చిన్నప్పుడు ఎంత బాగుండేవాడివి నాయనా! ఆ డైలాగు ఓసారి చెప్పవూ?" అంటుంది. సిరిమాను వెళ్లిపోతుంది. తప్పు మామ్మదా?

పసిపిల్లలకు వెల కట్టడం అన్యాయమని 1892లోనే 'కన్యాశుల్కం' ఆడించి చెప్పిన ఊరు మాది. కనుక మేము వెల కట్టం. ఎదగవద్దంటాం, అంతే.

ఎత్తు నాలుగడుగులు దాటితే డిపాజిట్ రద్దు చేయాలని కలెక్టరు గారికి వినతిపత్రం సిద్ధమైంది. సంతకాలు చేసిన పెద్దల్లో కొందరు సోమవారం గ్రీవెన్స్‌కు రాలేరు. మనవళ్లను బాలనటుల ఎంపికకు హైదరాబాదు తీసుకువెళుతున్నారు.